గులాం మొహమ్మద్ డ్రోను, జోగమ్మ నెత్తళ్ళు

విశాఖపట్నం పాతనగరంలో, కురుపాం మార్కెట్ వెనక సందులో సితారా డిజిటల్ స్టూడియో అని ఒకటుంది. దాని యజమాని గులాం మొహమ్మద్. యాభై దాటిన మనిషి. కాస్త బొజ్జ, గోరింటాకు రంగు గడ్డం, మెడలో ఎప్పుడూ ఏదో ఒక కెమెరా. పోర్టు కళాసీల ఇళ్ళ నుంచి ఉక్కునగరం ఆఫీసర్ల క్వార్టర్ల దాకా తను వీడియో తియ్యని పెళ్ళి లేదని చెప్పుకునేవాడు. నిఖా అయినా, జీలకర్రా బెల్లం అయినా ఆయనకి ఒకటే. ముహూర్తం ఎవరు పెట్టినా, పెళ్ళికొడుకు చెయ్యి కదిలేది మాత్రం గులాం మొహమ్మద్ తల ఊపాకే. నచ్చకపోతే మూడో ముడి మళ్ళీ వేయించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

పాతనగరంలో పెళ్ళిళ్ళకి మొట్టమొదట డ్రోను ఎగరేసింది కూడా ఆయనే. ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు ఉన్న ఒకాయన కూతురి పెళ్ళిలో అది సీరియల్ లైట్ల తోరణంలోకి దూసుకుపోయి, వీధి మొత్తం చీకటి చేసింది. పెళ్ళివారు టార్చిలైట్లు పట్టుకుని భోజనాలు చేశారు. ఆ తర్వాత పద్ధతిగా ట్రైనింగుకి వెళ్ళి, ప్రభుత్వం ఇచ్చే పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుని, దానికి ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనక తగిలించాడు. ఎవరైనా స్టూడియోకి పాస్‌పోర్టు ఫోటో కోసం వస్తే, ముందు ఆ పైలట్ సర్టిఫికెట్ చూశాకే కుర్చీలో కూర్చోవాలి.

ఆ ఏడాది శీతాకాలం ఆయనకి కలిసి రాలేదు. శుక్రమూఢం వచ్చి హిందువుల పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. మూఢం వదిలే సమయానికి సరిగ్గా రంజాన్ నెల మొదలవుతుందని కేలెండరు చెబుతోంది. రెండు మతాలూ కూడబలుక్కుని తన మీద పగబట్టాయని ఆయన భార్య తాహెరా దగ్గర వాపోయాడు. తాహెరా ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బ్లౌజులూ బుర్ఖాలూ కుడుతుంది. పని లేని మొగుడు పొద్దస్తమానం ఆమె పక్కన కుర్చీ వేసుకుని, గుడ్డ ఇలా కత్తిరించు, దారం అలా పట్టు అని చెబుతుంటే వారం రోజులు ఓర్చుకుంది. తర్వాత ఏదో వాట్సాప్ గ్రూపులో లైసెన్సు ఉన్న డ్రోను పైలట్ కావాలన్న ప్రకటన కనబడితే, ఆయన్ని అడక్కుండానే ఆయన పేరు పంపించేసింది.

ఆ ప్రకటన ఇచ్చింది సముద్రపు తాబేళ్ళని కాపాడే ఒక చిన్న సంస్థ. ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలు తవ్వి తినేలోగా ఆ గుడ్లని తీసి, కంచె కట్టిన చోట మళ్ళీ ఇసుకలో పాతిపెట్టాలి. ఇదివరకు మనుషులు తీరం వెంబడి నడిచి తాబేలు పాకిన జాడలు వెతికేవారు. ఇప్పుడు ఆ పనికి డ్రోను కొన్నారు. నేవీ వాళ్ళ దగ్గరా పోలీసుల దగ్గరా నానా తిప్పలూ పడి, జాలరిపేట నుంచి ఉత్తరంగా కొంత తీరం మీద, తెల్లవారుజామున మాత్రం ఎగరేసుకోడానికి అనుమతులు తెచ్చుకున్నారు.

ఆ పనంతా చూసేది కుసుమకుమారి. ఆనందపురం దగ్గర పల్లెలో రైతుల ఇంటి పిల్ల. జువాలజీలో పెద్ద చదువు చదివింది. నెమ్మదిగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం ఊరి యాస బయటపడుతుంది. మొదటిరోజు ఆమె గులాం మొహమ్మద్‌కి డ్రోను చూపించి వివరంగా చెప్పింది. మీట నొక్కితే అదే లేస్తుంది. అదే దారి చూసుకుంటుంది. అదే ఫోటోలు తీసి, ఎక్కడ జాడలున్నాయో అదే గుర్తుపట్టి, వెనక్కొచ్చి అదే దిగుతుంది.

గులాం మొహమ్మద్ అంతా విని, చేతులు రుద్దుకున్నాడు.

"బాగుంది మేడమ్. మరి నాను ఏటి సెయ్యాలండి?"

"మీరేమీ చెయ్యకూడదండీ గులాం గారూ. ప్రమాదం వస్తే తప్ప రిమోట్ ముట్టుకోకూడదు. చట్టం ప్రకారం లైసెన్సున్న మనిషి ఒకరు పక్కన ఉండాలి. అంతే."

ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని ఊరికే నిలబడమని అడగలేదు. ఒప్పుకున్నాడేగాని, ఆ పని ఎంత కష్టమో మర్నాడే తెలిసింది. పొద్దు పొడవకముందే స్కూటర్ మీద బీచ్ రోడ్డున వచ్చి, మీట నొక్కి, ఆకాశంలోకి చూస్తూ నిలబడటం. అది బుద్ధిమంతుడైన గుమాస్తాలా తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చేది. వంపు లేదు, ఒయ్యారం లేదు. సముద్రం మీద ఆకాశం ఎర్రబడి, దూరాన డాల్ఫిన్ నోస్ కొండ మీద వెలుగు పడుతుంటే, ఆ వైపు ఒక్కసారైనా తల తిప్పేది కాదు. అది తీసిన ఫోటోలన్నీ ఇసుక, ఇసుక, మళ్ళీ ఇసుక. ఇలాంటి ఆల్బమ్ ఇస్తే పెళ్ళివారు స్టూడియో తగలబెడతారని ఆయన తాహెరాతో అన్నాడు.

పైగా అది పొరపాట్లు చేసేది. బోర్లించిన ప్లాస్టిక్ బేసిన్‌ని తాబేలంది. ఎవరో పారేసిన హెల్మెట్‌ని తాబేలంది. పొద్దున్నే ఇసుకలో శవాసనం వేసిన ఒక లావుపాటి రిటైర్డు ఉద్యోగిని చూసి, ఇది కచ్చితంగా తాబేలేనని కంప్యూటర్‌కి కబురు పంపింది. కుసుమకుమారి మనుషుల్ని వేసుకుని పరిగెత్తుకొచ్చి, గుడ్లు ఏరే బుట్టలతో సహా ఆయన చుట్టూ నిలబడింది. ఆయన కళ్ళు తెరిచి అంతమందిని చూసి, తను పోయాననే అనుకున్నాడట. గులాం మొహమ్మద్‌కి మాత్రం ఆ రోజు ప్రాణం లేచొచ్చింది. మనిషి కన్ను మనిషి కన్నేనని అందరికీ చెప్పాడు. కుసుమకుమారి ఆ తప్పులన్నీ ఒక్కొక్కటే దిద్ది యంత్రానికి నేర్పుకుంటూ పోయింది. నెల తిరిగేసరికి అది బేసిన్లనీ రిటైర్డు ఉద్యోగుల్నీ వదిలేసి, తాబేళ్ళ జాడలు మాత్రమే చెప్పడం మొదలుపెట్టింది. అది తెలివి మీరుతున్నకొద్దీ ఈయనకి దిగులు పెరిగింది.

ఒకరోజు ఉండబట్టలేకపోయాడు. తెల్లారుతుండగా ఒక తాబేలు ఆలస్యంగా, అలలోంచి బయటికొచ్చి ఇసుకలో మెల్లగా పైకి పాకుతోంది. స్క్రీనులో దాన్ని చూసిన గులాం మొహమ్మద్‌కి అచ్చం మండపంలోకి నడిచొస్తున్న పెళ్ళికూతురు కనబడింది. వెనక ఎర్రటి ఆకాశం, తడి వీపు మీద మెరుపు. రిమోట్ ఆయన చేతిలోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. డ్రోనుని కిందికి దింపి, ఎడమ నుంచి ఒక చుట్టు, కుడి నుంచి ఒక చుట్టు తిప్పి, ముఖం ఎదురుగా ఆపి క్లోజప్ తీశాడు. తాబేలు ఆగింది. మెడ కాస్త ఎత్తింది. తర్వాత బరువుగా వెనక్కి తిరిగి, గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి వెళ్ళిపోయింది.

కుసుమకుమారి ఆ వీడియో రెండుసార్లు చూసింది. రెండోసారి చూశాక యాస మారింది.

"ఏటి సేసినారండీ ఇది? ఆ తల్లి ఎంత దూరం నుంచి ఈదుకొచ్చిందో మీకు తెల్సా? మీ ఫోటో కోసం వొచ్చిందా?"

గులాం మొహమ్మద్ రిమోట్‌ని మెల్లగా కింద పెట్టాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని జరిగింది తాహెరాకి చెప్పాడు. ఆమె అంతా విని, ఆడదాన్ని పురిటి మంచం మీంచి లేపి ఫోటో దిగమన్నావన్నమాట అంది. మర్నాటి నుంచి ఆయన రిమోట్‌ని మెడలో తగిలించుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

రంజాన్ నెల వచ్చింది. ఉపవాసం పట్టేముందు సెహరీ తిని, నమాజు చేసుకుని అటునుంచి అటే సముద్రానికి వచ్చేవాడు. ఆ రోజుల్లోనే గద్దల గొడవ మొదలైంది. జాలరిపేట ఆడవాళ్ళు తెల్లారగానే వలలు పరిచి నెత్తళ్ళు అనే సన్న చేపల్ని ఎండబోస్తారు. అవి పరవగానే పైన గద్దలు తిరగడం మొదలుపెడతాయి. డ్రోను తిరిగొచ్చేది సరిగ్గా ఆ సమయానికే. తమ సొంత ఆకాశంలో ఈ గుయ్యిమనే పిట్ట ఏమిటని గద్దలకి ఒళ్ళు మండింది కాబోలు, చేపలు వదిలేసి దాని వెంట పడేవి.

అది మొదట గమనించింది జోగమ్మ. అరవై ఏళ్ళ మనిషి, గొంతు తీరం పొడుగునా వినబడుతుంది. గద్దల్ని అదిలించడానికి ఆమె పొద్దంతా కర్ర పట్టుకుని నెత్తళ్ళ పక్కనే కాపలా కూర్చోవాలి. డ్రోను వచ్చిన ఆ కాసేపూ ఆమె కర్ర కింద పెట్టి, కాళ్ళు చాపుకుని టీ తాగగలుగుతోంది. గులాం మొహమ్మద్‌కి కూడా రోజూ ఒక గ్లాసు పోసేది. ఆయన తనది రోజా ఉపవాసమని గుర్తుచేసేవాడు. అయ్యో మరిసిపోనాను అని ఆమె ఆ గ్లాసు కూడా తనే తాగేది.

"సాయిబు బాబూ, నీ మర వొచ్చినంతసేపూ గెద్దలు నా సేపల జోలికి రాట్లేదు. దాన్ని ఇక్కడే కూసింతసేపు తిప్పకూడదేటి?"

కుదరదనీ, అది తాబేళ్ళ డ్రోననీ, నెత్తళ్ళ డ్రోను కాదనీ ఆయన చెప్పాడు. జోగమ్మ ఆలోచించింది. మర్నాడు ఒక బేరంతో వచ్చింది. తాబేలు గుడ్లకి అసలు శత్రువులు కుక్కలే కదా. డ్రోను తన చేపల మీద కాసేపు తిరిగితే, తను రోజూ చేప తలకాయలు వేసి ఆ కుక్కల్ని ఇటువైపే ఉంచుతుంది. అప్పుడు అవి గుడ్ల వైపు పోవు.

గులాం మొహమ్మద్‌కి ఇది తాబేళ్ళ మేలు కోసమేననిపించింది. తను వెనక్కి పంపించేసిన ఆ తాబేలు ఆయన మనసులో ఇంకా మెదులుతూనే ఉంది. దాని రుణం కొంచెమైనా తీరుతుంది. పైగా చేతికి కాస్త పని. కంప్యూటర్లో డ్రోను దిగే చోటు మార్చేశాడు. దారంతా తిరిగొచ్చాక, అది జోగమ్మ నెత్తళ్ళ పైన ఆగి, బ్యాటరీ ఉన్నంతసేపూ అక్కడే చక్కర్లు కొడుతుంది. చివర్లో ఆయన రిమోట్ తీసుకుని మెల్లగా పక్కకి దింపుకుంటాడు. కుసుమకుమారికి చెప్పాలనే అనుకున్నాడు. మంచి సమయం చూసి చెబుదామనుకున్నాడు. ఆమె ఎక్కువగా గుడ్లు పాతిపెట్టిన కంచె దగ్గరే ఉండేది కనక, ఆ మంచి సమయం రాలేదు.

కొన్నాళ్ళు అంతా సవ్యంగా నడిచింది. ఒక్కటే ఇబ్బంది. తలకాయల కబురు కుక్కల లోకంలో పాకిపోయింది. ఎప్పుడూ ఉండే కుక్కలతో పాటు, పై వీధుల కుక్కలు, కాలనీల కుక్కలు, మెడలో బెల్టున్న ఒక పెద్దింటి కుక్క కూడా వచ్చి వరసగా కూర్చునేవి. ఇదేటప్పా, తిరనాళ్ళలాగుంది అని గులాం మొహమ్మద్ అంటే, తాను పిలిచింది నాలుగింటినే అని జోగమ్మ చెప్పింది.

పండగ వెళ్ళిన వారానికి, సంస్థ అధ్యక్షుడు అచ్యుతరామయ్య డ్రోను ఎలా పనిచేస్తుందో చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. పెద్ద హోదాలో రిటైరైన మనిషి, పరమ శాకాహారి, తెల్లటి లాల్చీ పంచె. వెంట విరాళాలిచ్చే పెద్దమనుషులు కొందరు. డ్రోను దానంతటదే అన్నీ చేసుకుంటుందని వాళ్ళకి నమ్మకం కలగాలి. అందుకని కుసుమకుమారి గులాం మొహమ్మద్‌ని పక్కకి పిలిచి గట్టిగా చెప్పింది. ఈ రోజు మీ చెయ్యి రిమోట్ దగ్గరికి పోయిందంటే మీకూ నాకూ రుణం తీరిపోయినట్టే అంది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తలమీద ప్రమాణం చేసినంత పని చేశాడు.

డ్రోను లేచింది. తిన్నగా వెళ్ళింది. ఒక చోట తాబేలు జాడ పట్టి స్క్రీన్ మీద చూపించింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. అచ్యుతరామయ్య, మానవ హస్తం ప్రమేయం లేకుండా అని మొదలుపెట్టి చిన్న ఉపన్యాసం అందుకున్నాడు. అందరూ నీడ చూసుకుని పడవల పక్కన నిలబడ్డారు. వాళ్ళ వీపుల వెనకే జోగమ్మ నెత్తళ్ళు.

డ్రోను వెనక్కి తిరిగినప్పుడు గులాం మొహమ్మద్‌కి గుర్తొచ్చింది. దిగే చోటు మార్చి మళ్ళీ సరిచెయ్యలేదు. ఇప్పుడు చెబితే జోగమ్మతో బేరం బయటపడుతుంది. రిమోట్ ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ముట్టుకోకపోతే ఏమవుతుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయన మెల్లగా అచ్యుతరామయ్య దగ్గరికి నడిచాడు.

"సార్, కూసింత ఇటు జరుగుతారా?"

ఉపన్యాసం మధ్యలో అడ్డొచ్చినందుకు అచ్యుతరామయ్య ఆయన వైపు ఒక చూపు చూసి, కదలకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. డ్రోను వచ్చి వాళ్ళ తలల వెనక ఆగింది. అలవాటైన గద్దలు నాలుగు దిక్కుల నుంచీ వచ్చాయి. అది చక్కర్లు కొట్టింది. అవీ కొట్టాయి. బ్యాటరీ తగ్గిందని రిమోట్ కుయ్యి కుయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. గులాం మొహమ్మద్ వెనక కట్టుకున్న వేళ్ళు ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి.

కుసుమకుమారి పైకి చూసింది. "గులాం గారూ, తీసుకోండి దాన్ని" అంది.

"ముట్టుకోవచ్చా మేడమ్?" అని ఆయన నిజంగానే అడిగాడు.

ఆమె జవాబు చెప్పేలోగా డ్రోను దిగడం మొదలుపెట్టింది. బుద్ధిగా, తిన్నగా, తనకి చెప్పిన చోటే, నెత్తళ్ళ నడిమధ్యన దిగింది. ఎండిన నెత్తళ్ళు ఎంత తేలికో అప్పుడు అందరికీ తెలిసింది. వల మీది సరుకంతా ఒక్కసారి గాలిలోకి లేచి, వెండి జల్లులా పెద్దమనుషుల మీద కురిసింది. తలల్లో, జేబుల్లో, కళ్ళజోళ్ళ మీద, ఒకాయన తెరిచిన నోట్లో. వాటి కోసం గద్దలు పైనుంచి, కుక్కలు పక్కనుంచి వచ్చాయి. బెల్టున్న పెద్దింటి కుక్క అందరికంటే ముందుంది. విరాళాల వాళ్ళు పంచెలు ఎగ్గట్టి పడవలెక్కారు. అచ్యుతరామయ్య మాత్రం నిలబడ్డచోటే నిలబడి, లాల్చీ జేబులోంచి ఒక చేపని తోక పట్టుకుని పైకి తీసి, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, దీన్ని ఎక్కడ పెట్టాలని మర్యాదగా అడిగాడు.

జోగమ్మ కర్రతో వచ్చింది. ఆమెకి అధ్యక్షుడూ కనబడలేదు, ఆఫీసరూ కనబడలేదు.

"సాయిబూ, మన ఒప్పందం ఏటి, నువ్వు సేసిందేటి? గెద్దలు రాకుండా తిప్పమన్నాను గానీ నా సేపల మీద కూకోబెట్టమన్నానేటి? రోజూ నీ కుక్కలకి నాను తలకాయలు మేపట్లేదా?"

అలా మొత్తం బేరం, కుక్కలతో సహా, పదిమందిలో బయటపడింది. గులాం మొహమ్మద్ తల దించుకున్నాడు. కుసుమకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఏడుస్తోందని ఆయన అనుకున్నాడు. ఆమె భుజాలు కదులుతున్న తీరు చూస్తే కాదేమోనని కూడా అనిపించింది.

మర్నాడు ఆయన రిమోట్‌నీ, చార్జర్‌నీ ఒక చేతిసంచిలో పెట్టుకుని ఆమె ఆఫీసుకి వెళ్ళాడు. తప్పంతా తనదేనన్నాడు. తాబేలు వెనక్కి పోయిన రోజు నుంచీ నిద్ర సరిగా లేదనీ, ఆ కుక్కల బేరం కూడా అందుకే ఒప్పుకున్నాననీ, అయినా చెప్పకుండా చెయ్యడం తప్పేననీ అన్నాడు. కుసుమకుమారి సంచి వైపు చూసి, దాన్ని తీసుకోలేదు. అధ్యక్షుడు ఆయన్ని తీసెయ్యమనే అన్నాడు. కానీ సీజను మధ్యలో లైసెన్సున్న మనిషి దొరకడు. అదీగాక, డ్రోను ఫోటోల్లో గద్దలు ఎప్పుడు ఎందుకు వస్తున్నాయో ఆమె ఇన్నాళ్ళూ తల బద్దలు కొట్టుకుంటోంది. నెత్తళ్ళ సంగతి తెలిశాక పాత ఫోటోలన్నీ మళ్ళీ చూసుకుంది. ఇకనుంచి చేపలు పరిచేలోపే డ్రోను దిగిపోయేలా వేళ మార్చింది. దిగే చోటు మార్చడానికి వీల్లేకుండా దానికో తాళం కూడా వేసింది. ఆ తాళం తెరిచే పాస్‌వర్డు ఆయనకి చెప్పలేదు.

జోగమ్మ వారం రోజులు మాట్లాడలేదు. పోయిన నెత్తళ్ళకి బదులుగా, వేసంగిలో జరిగే ఆమె మనవరాలి పెళ్ళికి మొత్తం వీడియో తానే తీస్తానని గులాం మొహమ్మద్ ఒప్పుకున్నాక మాట కలిపింది. పెళ్ళిలో డ్రోను ఎగరకూడదని ఆమె మొదటి షరతు. తలకాయలు ఆగిపోయాక కుక్కలు కొన్నాళ్ళు వచ్చి చూసి, తిట్టుకుంటూ వెళ్ళిపోయాయి.

కంచెలో పాతిన గుడ్లు పిగిలే రోజులొచ్చాయి. పిల్లల్ని సముద్రంలోకి వదిలే పొద్దుట, దూరంగా నిలబడి చేతి కెమెరాతో వీడియో తీసిపెట్టమని కుసుమకుమారే ఆయన్ని అడిగింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, తను కూడా వస్తానంది తాహెరా. ఇంతకాలం మొగుడు వెళ్ళే చోటు ఎలా ఉంటుందో ఆమె చూడనే లేదు. స్కూటర్ వెనక కూర్చుని వచ్చింది. రాగానే జోగమ్మ దగ్గర నెత్తళ్ళు బేరమాడింది. ఇద్దరూ కలిసి కాసేపు గులాం మొహమ్మద్ గురించి మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఆయన అడగలేదు.

బుట్ట వంచగానే పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటీ అరచేతిలో సగం లేదు. ఇసుకలో రెక్కల్లాంటి కాళ్ళు తడుముకుంటూ, దొర్లుతూ, లేస్తూ నీటి వైపు పోతున్నాయి. గులాం మొహమ్మద్ వీడియో తీస్తూ తీస్తూ, కాసేపటికి కెమెరా దించేసి మామూలు కళ్ళతో చూశాడు. ఆఖరిదాన్ని అల వచ్చి తీసుకుపోయాక జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని బయల్దేరారు. తాహెరా కదల్లేదు. వీటి తల్లులు ఎక్కడున్నాయని అడిగింది. గుడ్లు పెట్టిన రాత్రే వెళ్ళిపోతాయని, పిల్లల్ని చూడవని ఆయన చెప్పాడు.

"చూడకుండానేనా?" అంది తాహెరా.

ఆయన జేబులో ఫోను మోగింది. మూఢం వదిలాక కుదిరిన గాజువాక పెళ్ళివారు. పెళ్ళికూతురు ముస్తాబవుతోంది, ఎంతసేపట్లో వస్తారని అడిగారు. కాస్త ఆలస్యమవుతుందని చెప్పి, ఆయన చెప్పులు విడిచి, ఇసుకలో తాహెరా పక్కన కూర్చున్నాడు.